యాభయ్యో ఎత్తు

నీటి సరఫరా సంస్థ స్టోరులో పాత వాషరు చూపించకుండా కొత్త వాషరు పుచ్చుకున్న మనిషి ఇంతవరకూ పుట్టలేదు. పైపు పగిలి వీధి వీధంతా చెరువైపోతున్నా సరే, ఫిట్టరు పరిగెత్తుకుంటూ వచ్చి కౌంటరు మీద అరచేత్తో బాదినా సరే, స్టోర్ కీపర్ కళ్ళజోడు సర్దుకుని "పాతదేదీ?" అనేవాడు. పాతది నీళ్ళలో కొట్టుకుపోయిందంటే, కొట్టుకుపోయినట్టు పైవాడి సంతకంతో కాగితం తెమ్మనేవాడు. పిల్లికి బిచ్చం పెట్టడని కొందరూ, స్టోరు ఆయన తాతది కాదుగా అందుకే అంత జాగ్రత్త అని కొందరూ అనేవారు. వెనక మాత్రం అందరూ ఒకే పేరుతో పిలిచేవారు: రూళ్ళకర్ర. ఆ పేరు ఆయన చెవినా పడింది. కోపం రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు. వంకర గీతలు గీసేవాళ్ళకు రూళ్ళకర్రంటే మంటగా ఉండదూ మరి!

అలాంటి మనిషి చేతికి సంస్థవారి చదరంగం పోటీ అప్పగించారు. చదరంగంలో ఆర్బిటరంటారు గానీ సంస్థలో అందరికీ ఆయన అంపైరే. పదకొండేళ్ళుగా ఆయనే. అంతకుముందు తనూ ఆడేవాడు. ఆడేవాడంటే, ఇరవై ఎత్తులయ్యేసరికి ఏదో ఒక పావును ఊరికే పోగొట్టుకుని, ఎదుటివాడు గడియారం గట్టిగా కొట్టాడనో కుర్చీ కిర్రుమనిపించాడనో పేచీ పెట్టేవాడు. ఆడలేనివాడికి ఆట నడపడంలో ఉండే సుఖం ఇంకెందులోనూ ఉండదు. అంపైరయ్యాక ఆయన ముఖంలోకి ఓ కళ వచ్చింది. నియమాల పుస్తకం చొక్కా జేబులో పెట్టుకుని, చేతులు వెనక కట్టుకుని, బల్లల మధ్య తిరుగుతుంటే కిందటి జన్మలో చక్రవర్తేమో అనిపించేది.

ఆయన చెల్లెలి కూతురు అదే సంస్థలో మీటర్ రీడరు. ఆరేళ్ళుగా టెంపరరీ. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ పోయి, గేటు పక్కన ఇనుప మూత ఎత్తి, బురద తుడిచి, అద్దం కింద అంకెలు చదివి రాసుకునే పని. కుక్కలు తరుముతాయి. మూత కింద తేళ్ళుంటాయి. పోయిన నెల కంటే ఎక్కువెందుకొచ్చిందని ఇంటివాళ్ళు ఆమె మీద పడతారు, నీళ్ళన్నీ ఆమే తాగినట్టు. ఆమె మాట్లాడకుండా మూత మళ్ళీ ఎత్తి, వాళ్ళ చేతే చదివించేది. ఆరేళ్ళలో ఆమె రాసిన అంకె తప్పని ఒక్క ఫిర్యాదూ నిలబడలేదు.

ఆ పిల్లకు చదరంగం పట్టుబడింది. మేనమామ పోలిక కాదని అందరూ ఒప్పుకున్నారు.

ఈ పోటీలో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచినవాళ్ళే సంస్థ జట్టు. జట్టులోకి వచ్చిన టెంపరరీ మనిషిని పర్మనెంటు చెయ్యాలని ఎప్పటిదో ఒక ఉత్తర్వుంది. ముప్పై ఏళ్ళు దాటితే అది వర్తించదు. మేనకోడలికి వచ్చే నెల ముప్పై నిండుతాయి. అంటే ఆమెకు ఇదే ఆఖరి పోటీ. ఆఖరి రౌండుకు వచ్చేసరికి ఆమెకు కావలసింది అరపాయింటు. గెలవక్కర్లేదు, ఓడకుండా ఉంటే చాలు. డ్రా అయితే నాలుగో చోటు ఆమెది. ఓడితే డ్రాయింగ్ సెక్షన్‌లో ఇదివరకే పర్మనెంటై కాలు మీద కాలేసుకుని కూర్చున్న ఓ పెద్దమనిషిది.

ఆ ఆదివారం పొద్దున చెల్లెలు అన్నగారింటికి వచ్చింది. ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"దానికి ఒక్క డ్రా చాలటగా అన్నయ్యా?"

"చాలు."

"నువ్వు సాయం చెయ్యమని అడగడానికి రాలేదు. అడ్డం పడకు, అంతే."

"నేనెందుకు అడ్డం పడతాను? రూలు ఎలా ఉంటే అలా పోతాను."

"అదే నా భయం," అంది చెల్లెలు. "చిన్నప్పుడు నేను దొంగా పోలీసాటలో పరిగెత్తి పడి మోకాలు పగిలితే, ముందు 'గీత దాటావు, నువ్వు ఔట'ని చెప్పి, ఆ తర్వాత లేవదీశావు."

"గీత దాటావుగా?"

చెల్లెలు గుమ్మం వైపు తిరిగింది. ఇలాంటివాడితో వాదించడం కంటే ఇస్త్రీ పెట్టెతో వాదించడం మేలు, అది కనీసం కాసేపటికి చల్లారుతుంది.

పోటీ పంప్‌హౌస్ మీది అంతస్తులో, శిక్షణ హాల్లో. కింద మోటార్లు తిరుగుతుంటే పైన బల్లలు సన్నగా వణుకుతాయి. రౌండు మొదలయ్యే ముందు స్టోర్ కీపర్ అందరినీ నిలబెట్టి హెచ్చరిక చేశాడు.

"ఊరికే చెయ్యెత్తి నన్ను పిలవొద్దు. డ్రా అని తప్పుగా అడిగితే మొదటిసారి ఊరుకుంటాను. రెండోసారి కూడా తప్పుగా అడిగితే ఆటే పోయినట్టు. తర్వాత ఏడ్చి లాభం లేదు."

ఆ రెండోసారి మాట పుస్తకంలో ఎక్కడా లేదు. పుస్తకం కాస్త మెత్తగా ఉందని ఆయనే కలిపాడు. వంట బాగానే ఉన్నా చేతిలో ఉప్పు డబ్బా ఉంది కదా అని ఇంకాస్త వేసేవాళ్ళుంటారు.

మేనకోడలికి ఎదురుగా కూర్చున్నది పంప్‌హౌస్ ఫోర్‌మన్. ఆయనకు జలగ అని పేరు. లావుపాటి మనిషి, నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. కానీ బల్ల ముందు కూర్చుంటే ఉడుం పట్టే. గెలుపు లేదని పసిపిల్లలకు తెలిసిన ఆట కూడా వదలడు. ఎదుటివాడికి ఆకలేసి, నడుం నొప్పెట్టి, ఇల్లూ పిల్లలూ గుర్తొచ్చి, పోనీ చచ్చిపోతే పోలా అనిపించేదాకా ఆడతాడు. అందరూ ఆడేది చదరంగమైతే ఈయన ఆడేది ఓపిక. అప్పటికే ఆయనకు మొదటి స్థానం ఖాయమైపోయింది. గెలిచినా ఓడినా ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు. అయినా పొద్దున్నే టిఫిన్ డబ్బా, మధ్యాహ్నం డబ్బా, రెండు మంచినీళ్ళ సీసాలు పక్కన పెట్టుకుని, కాపురానికొచ్చినవాడిలా కూర్చున్నాడు.

స్టోర్ కీపర్‌కు జలగంటే ఒళ్ళు మంట. "చచ్చిన పామును కొట్టడం కూడా ఓ ఆటేనా?" అనేవాడు. అలాగని డ్రా అడిగేవాళ్ళన్నా గౌరవం లేదు. లెక్కపెట్టుకుని బయటపడేవాడు ఆటగాడు కాదు గుమాస్తా అనేవాడు. స్టోరులో బోల్టులు లెక్కపెట్టుకునే మనిషికి గుమాస్తాలంటే ఎందుకంత చులకనో ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నానికి మిగతా ఆటలన్నీ ముగిశాయి. ఈ ఒక్క బల్లే మిగిలింది. అరవై ఒకటో ఎత్తులో మేనకోడలు ఆఖరి బంటును కొట్టేసి, కాగితం మీద ఆ వరస పక్కన చిన్న గీత పెట్టుకుంది. ఇక బల్ల మీద మిగిలినవి ఐదే పావులు. జలగకు రాజు, ఏనుగు, ఒంటె. ఆమెకు రాజు, ఏనుగు.

ఈ ముగింపు ఎంత విసుగు పుట్టించేదో చదరంగం ఆడినవాళ్ళకు తెలుసు. ఒంటె ఎక్కువ ఉన్నవాడు సరిగ్గా కాచుకునేవాణ్ణి ఓడించలేడు. కాచుకునేవాడు ఒక్క తప్పు గడిలో అడుగేస్తే మాత్రం ఆట కట్టు. అందుకని ఒకడు తరుముతూనే ఉంటాడు, రెండోవాడు తప్పించుకుంటూనే ఉంటాడు. దీనికి హద్దు లేకపోతే ఆటగాళ్ళు బల్ల ముందే ముసలివాళ్ళైపోతారని పెద్దలు యాభై ఎత్తుల నియమం పెట్టారు. ఏ పావూ పోకుండా, ఏ బంటూ కదలకుండా ఇద్దరూ చెరో యాభై ఎత్తులు వేస్తే డ్రా అడగొచ్చు. అయితే అడగాలి. అడక్కపోతే అంపైరు నోరెత్తకూడదు. అడక్కుండానే డెబ్బై ఐదు దాకా పోతే అప్పుడు అంపైరే ఆపేస్తాడు. యాభయ్యో ఎత్తు వేసేవాడు అడగడానికీ ఓ పద్ధతుంది: వెయ్యబోయే ఎత్తు కాగితం మీద రాసి, పావును ముట్టుకోకుండా అడగాలి. ముట్టుకుంటే ఆ ఎత్తుకి హక్కు పోతుంది. పోయేది ఆ ఒక్క ఎత్తుకే. మళ్ళీ తన వంతు రాగానే నిక్షేపంగా అడగొచ్చు.

స్టోర్ కీపర్ జేబులోంచి పెన్సిలు తీశాడు. స్టోరు నుంచి తెచ్చిన, సరుకు లెక్క రాసే బిన్ కార్డు వెనక ఎత్తుకో గీత చొప్పున ఐదేసి గీతలు కట్టలు కట్టడం మొదలెట్టాడు.

జలగ తరిమాడు. మేనకోడలు తప్పించుకుంది. ఎత్తుకు ముప్పై సెకన్లు. ఎత్తు వెయ్యడం, గడియారం నొక్కడం, కాగితం మీద రాయడం, మళ్ళీ చూడడం. ఎనభై నాలుగో ఎత్తు దగ్గర ఆమె తొందరలో ఒక గడి బదులు ఇంకో గడి రాసి, కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో సరిచేసుకుంది. తొంభైలు దాటాక జలగ మధ్యాహ్నం డబ్బా మూత తీశాడు. ఒక చేత్తో తింటూ రెండో చేత్తో చెక్ చెప్పాడు. ఆమె పొద్దున్నించీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. లేచి రెండు అడుగులు వేద్దామన్నా గడియారం ఒప్పుకోలేదు.

బల్ల చుట్టూ జనం చేరారు. ఎత్తంటే ఏమిటో తెలియనివాడే అందరికంటే ఎక్కువ తల ఊపుతున్నాడు. బహుమతులు ఇవ్వడానికి చీఫ్ ఇంజనీరు కూడా వచ్చి నిలబడ్డాడు. ఆయనకు గుర్రం ఎటు గెంతుతుందో తెలియదు గానీ, తెలియదని ముఖంలో కనపడనివ్వకపోవడంలోనే ఆయన అంత పైకి వచ్చాడు.

నూట పదకొండో ఎత్తు. జలగ ఒంటెను ఒక గడి మూలగా జరిపి గడియారం నొక్కాడు. అది ఆయన యాభయ్యోది. ఇప్పుడు మేనకోడలి వంతు. ఆమె ఎత్తు కాగితం మీద రాసింది. ఇక పెన్ను కింద పెట్టి అడగడమే. ఆమెకు ఆ పద్ధతి తెలుసు. కానీ గడియారంలో తొమ్మిది సెకన్లే ఉన్నాయి. రాయగానే వెయ్యడం గంటల తరబడి అలవాటైపోయిన చెయ్యి ఆమెతో చెప్పకుండానే ఏనుగు మీదకు పోయింది. వేళ్ళు ఏనుగును పట్టుకున్నాయి. అప్పుడు నోరు తెరిచింది.

"సార్, డ్రా అడుగుతున్నాను. యాభై అయ్యాయి."

స్టోర్ కీపర్ గడియారం ఆపాడు. బిన్ కార్డు చూశాడు. పది కట్టలు నిండడానికి ఈ ఒక్క గీతే తక్కువ. లెక్క నిక్కం. వేళ్ళు ఏనుగు మీద ఉండడమూ నిక్కమే.

జలగ కుర్చీలో వెనక్కి వాలాడు. కరచాలనానికన్నట్టు కుడిచెయ్యి బల్ల మీదికి కాస్త లేచింది. సరిగ్గా అప్పుడే వెనక గుంపులోంచి ఎవరో, "మేనమామ ఉండగా ఆ పిల్లకేం లోటు," అని సన్నగా అన్నారు. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. చీఫ్ ఇంజనీరు తల తిప్పి స్టోర్ కీపర్ ముఖంలోకి చూశాడు.

"చెల్లదు," అన్నాడు స్టోర్ కీపర్ హాలంతా వినపడేలా. "ఆడండి."

అంతే అన్నాడు. ముట్టుకున్నావు గనక ఈ ఎత్తుకి చెల్లదు అనలేదు. అనడానికి నాలుగు మాటలు ఎక్కువ పట్టేవి. ఆ నాలుగు మాటలతో ఆ ఒక్క మాటలోని పదును పోయేది. నవ్విన నోళ్ళు టక్కున మూతపడ్డాయి. ఆయన ఛాతీ చొక్కా గుండీల మీదికి వచ్చింది. నిజం చెప్పుకోవాలంటే అప్పుడు ఆయనకు కలిగింది న్యాయం చేశానన్న తృప్తి కాదు, నలుగురూ చూశారన్న తృప్తి.

మేనకోడలు తలెత్తి ఆయన వంక చూసింది. ఎందుకని అడగడానికి పెదవి కదిలింది. ఆయన గడియారం మళ్ళీ నొక్కేసి, కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. ఆమె ముట్టుకున్న ఏనుగునే కదిపి, కాగితం మీదికి వంగి, ఎనభై నాలుగో వరస మీద వేలు పెట్టి చూసుకుంది. జలగ లేచిన చెయ్యిని మెల్లగా వెనక్కి తీసుకుని, ఒంటె కోసం చాపాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారికి కూడా ఇంత గంభీరంగా నిలబడడం చేతకాదు.

తర్వాతి ఎత్తుకి మళ్ళీ అడుగుతుందిలే, ఇచ్చేస్తాను, రూలూ నిలబడుతుంది, పిల్లకూ జరుగుతుంది అనుకున్నాడు స్టోర్ కీపర్. జలగ ఎత్తు వేశాడు. ఆమె వంతు వచ్చింది. ఆమె అడగలేదు. రాజును కదిపింది. ఇంకో ఎత్తు. అడగలేదు. ఇంకోటి.

"అడగదేం మొద్దు!" అని ఆయనకు కోపం వచ్చింది. ఇంటింటికీ తిరిగి అంకెలు చదివే పిల్లకు యాభై దాటితే యాభై ఒకటని తెలియదా? చెయ్యి తీసి మాట్లాడడం రాదా? అయిదో ఎత్తు దగ్గర ఆయనకు పొద్దున తను చేసిన హెచ్చరిక గుర్తొచ్చింది. రెండోసారి తప్పుగా అడిగితే ఆటే పోయినట్టు. ఆ పిల్ల తన లెక్కే తప్పిందనుకుంటోంది. ఎక్కడ తప్పిందో తెలియక, ఎన్ని తక్కువయ్యాయో తెలియక, మళ్ళీ అడిగితే ఉన్నది కూడా పోతుందని నోరు కుట్టేసుకుంది.

అప్పుడైనా పోయి చెప్పొచ్చు. "మీరు పావును ముట్టుకున్నారు కాబట్టి అప్పుడు చెల్లలేదు" అని ఇద్దరికీ వినపడేలా ఒక్క ముక్క. ఆయన ఒక అడుగు వేశాడు కూడా. ఇప్పుడు చెబితే, ఇందాక ఎందుకు చెప్పలేదంటారు. మేనకోడలు ఇరుక్కుపోతే మేనమామ దారి చూపించాడంటారు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని తన మీద తనే జాలిపడ్డాడు. అక్కడ కప్పా లేదు, పామూ లేదు. చెప్పాలంటే తన తొందరపాటు ఒప్పుకోవాలి, అదొక్కటే అడ్డం. అడుగు వెనక్కి తీసుకుని, బిన్ కార్డు మీద ఇంకో గీత గీశాడు.

యాభై ఎనిమిది. అరవై రెండు. మేనకోడలి ముఖం పాలిపోయింది. అయినా సరైన గడులే వెతుక్కుంటోంది. ఎంత బాగా కాచుకుంటోందో ఆ హాల్లో తెలిసినవాడు జలగ ఒక్కడే. స్టోర్ కీపర్ కార్డు మీద గీతలు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. డెబ్బై ఐదుకి తనే ఆపొచ్చు. డెబ్బై ఐదుకి ఎవరూ అడగక్కర్లేదు, ఎవరూ నవ్వరు. ఇంకో పన్నెండే. ఇంకో పదే. తను నోటితో ఇవ్వలేనిదాన్ని ఆ పిల్ల ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించి పెడితే బావుణ్ణని గీతలు గీస్తూ నిలబడ్డాడు. అప్పటికి ఆయన జలగను తిట్టుకోవడం కూడా మానేశాడు.

అరవై ఏడో గీత దగ్గర ఆమె ఏనుగును పై వరసలో పెట్టబోయి కింది వరసలో పెట్టింది. పెట్టి, గడియారం నొక్కి, అప్పుడు చూసింది. జలగ చాలాసేపు ఆలోచించాడు. ముప్పై సెకన్లలో ఇరవై ఎనిమిది సెకన్లు ఆలోచించాడు. తర్వాత ఏనుగును పక్కకు జరిపి, ఆట కట్టు అని చాలా మెల్లగా అన్నాడు.

ఆమె రాజును పడుకోబెట్టి, కాగితం మీద సంతకం చేసి, ఒక ప్రతి స్టోర్ కీపర్‌కిచ్చి, తన ప్రతి తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

జనం చప్పట్లు కొట్టారు. ఎవరికి కొట్టారో వాళ్ళకే తెలియాలి. చీఫ్ ఇంజనీరు వచ్చి స్టోర్ కీపర్ భుజం తట్టాడు.

"సొంత మేనకోడలని కూడా చూళ్ళేదు! మనిషంటే నువ్వయ్యా. వచ్చే ఏడు కూడా నువ్వే ఉండాలి."

రోజూ కలలోకి వచ్చే మాట అది. తీరా చెవిన పడేసరికి ఆయనకు ఎటు చూడాలో తెలియలేదు. పావులు పెట్టెలో సర్దుతున్న జలగ దగ్గరికి పోయాడు. ఎవరినో ఒకరిని తిట్టాలనిపించింది.

"మొదటి స్థానం నీదేగా? ఆ పిల్లను అంతసేపు పీడించకపోతే నిద్రపట్టదా?"

జలగ పెట్టె మూసి ఆయన వంక వింతగా చూశాడు.

"అమ్మాయి డ్రా అనగానే నేను చెయ్యి చాపబోయాను సార్. నా లెక్కకూ యాభయ్యే వచ్చాయి. మీరు చెల్లదన్నారు. ఎందుకు చెల్లదో చెప్పలేదు. నేనే ఎక్కడో పొరబడ్డాననుకుని ఆడాను. అంపైరు ఆడమన్నాక చెయ్యి కలిపితే మళ్ళీ అదో తప్పేమోనని..." డబ్బాలు సంచీలో పెట్టుకుంటూ ఆగాడు. "అంత గట్టిగా చెప్పారు కదా, మీ దగ్గర ఏదో ఉంటుందిలే అనుకున్నాను."

ఊళ్ళో అందరి రక్తం పీలుస్తాడని పేరుపడ్డవాడు సంచీ భుజాన వేసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మెట్ల దగ్గర కిటికీ గట్టు మీద మేనకోడలు కాగితం పరిచి, పెన్ను మొనతో ఒక్కో వరసా లెక్కపెడుతోంది. ఏడవడం లేదు. ఏడుస్తుంటే ఆయనకు కాస్త సులువుగా ఉండేది.

"మావయ్యా, నా లెక్క ఎక్కడ తప్పిందో చూపించండి. నాలుగుసార్లు చూశాను, దొరకడం లేదు. ఎనభై నాలుగు దగ్గర కొట్టేసి రాశాను, అక్కడేనా?"

ఆయన కాగితం తీసుకున్నాడు. అరవై రెండు నుంచి మొదలుపెట్టి వేలితో కిందికి వచ్చాడు. ఎదుటివాళ్ళ కాగితాల్లో తప్పు పట్టుకోవడమే ముప్పై ఏళ్ళుగా ఆయన ఉద్యోగం. తప్పు దొరకాలని ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు. ఒక్క వరస జారిపోయి ఉంటే చాలు, ఒక్క ఎత్తు రెండుసార్లు రాసి ఉంటే చాలు. ఎనభై నాలుగు దగ్గర కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కొట్టివేత పైన ముత్యాల్లాంటి చిన్న అక్షరాలతో సరైన గడి రాసి ఉంది.

"తప్పలేదు," అన్నాడు.

"తప్పలేదంటే?"

"నీ లెక్క సరిగ్గానే ఉంది. యాభై అయ్యాయి."

"మరి చెల్లదన్నారు?"

"ఏనుగును ముట్టుకున్నాక అడిగావు. ముట్టుకుంటే ఆ ఎత్తుకి చెల్లదు."

ఆమె తన కుడిచేతి వేళ్ళ వంక చూసుకుంది.

"అవును, ముట్టుకున్నాను," అంది. "ఆ ఒక్క ఎత్తుకేనా చెల్లనిది?"

"ఆ ఒక్క ఎత్తుకే. తర్వాత ఎప్పుడడిగినా ఇచ్చేవాణ్ణి."

"తర్వాత పదిహేడుసార్లు నా వంతు వచ్చింది."

"వచ్చింది."

"మీరు పక్కనే నిలబడ్డారు."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"రెండోసారి తప్పుగా అడిగితే ఆటే పోతుందని పొద్దున మీరేగా చెప్పారు. లెక్క తప్పిందేమో, మళ్ళీ అడిగితే ఉన్న ఆటా పోతుందేమోనని భయపడ్డాను. ఎలాగూ డెబ్బై ఐదుకి మీరే ఆపుతారుగా, అందాకా ఓపిక పడదామనుకున్నాను. ముట్టుకున్నావు, అందుకని చెల్లదు అని అప్పుడే చెబితే ఏం పోయేది మావయ్యా?"

"ఆటగాళ్ళకు సలహా చెప్పకూడదమ్మా. రూలు."

"సలహా నేనడగలేదు. కారణం చెప్పకూడదని ఉందా?"

"అంటే... అలా..."

"ఉంటే చూపించండి. చదువుకుంటాను."

గొంతు పెంచలేదు. బిల్లు ఎక్కువొచ్చిందని మీద పడ్డవాళ్ళ ముందు మూత ఎత్తి పట్టుకుని, చదవండి అని చెప్పే గొంతు అది. అందులో వెటకారం లేదు. ఉందేమో, తనకే తెలియదేమో, చూపిస్తే ఒప్పుకుందామనే ఉంది.

స్టోర్ కీపర్ జేబులోంచి నియమాల పుస్తకం తీశాడు. ఆ పుస్తకం ఆయనకు కంఠతా వచ్చు. అలాంటి రూలు అందులో లేదని, కారణం చెప్పడం తన పనేనని, రెండోసారి అడిగితే ఆట పోతుందన్నది తన నోట్లోంచి ఊడిపడ్డ మాటేనని ఆయనకు తెలుసు. తెలిసీ మొదటి పేజీ తీశాడు. రెండోది తిప్పాడు. ఆమె ఎదురుగా నిలబడి ఓపిగ్గా చూస్తోంది. ఆమె అలా చూస్తున్నంతసేపూ తిప్పుతూ ఉండడం తప్ప ఇంకేం చెయ్యాలో ఆయనకు తోచలేదు. పాతిక పేజీలయ్యేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. అరవయ్యేళ్ళ మనిషికి మెట్ల మధ్య నిలబడి ఏడుపొచ్చింది. కొండంత తప్పు చేసినవాడు క్షమించమని అడగడానికి కూడా పుస్తకంలో ఎక్కడైనా పద్ధతి రాసి ఉందేమోనని వెతికినట్టు, ఆఖరి అట్ట దాకా పోయి, మళ్ళీ మొదటి పేజీ తీశాడు.

"ఇక చాల్లెండి మావయ్యా," అంది మేనకోడలు, ఆయన చేతిలోంచి తన కాగితం తీసుకుని మడుస్తూ. "రేపు నూట నలభై ఇళ్ళున్నాయి నాకు. పొద్దున్నే లేవాలి."